యూనిట్–9: ఆర్థోట్రోపిక్ కాంపోజిట్ పదార్థాలు – ఘన మూలకాలతో నమూనా నిర్మాణం

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:

• సమదైశిక పదార్థానికి, ఆర్థోట్రోపిక్ పదార్థానికి గల తేడాను వివరించగలుగుతారు.
• ఆర్థోట్రోపిక్ పదార్థానికి కావలసిన తొమ్మిది స్థిరాంకాలను గుర్తించి, అవి ఒకదానితో ఒకటి పొసగుతున్నాయో లేదో పరీక్షించగలుగుతారు.
• తంతువు దిశ మారితే పదార్థపు దృఢత్వం ఎంత మారుతుందో లెక్కించగలుగుతారు.
• పెంకు మూలకాలు ఎక్కడ చాలవో, ఘన మూలకాలు ఎక్కడ అవసరమో చెప్పగలుగుతారు.
• కంప్యూటర్ ఇచ్చిన ఫలితాన్ని నమ్మే ముందు చేయవలసిన పరీక్షలను వరుసగా పేర్కొనగలుగుతారు.

9.1 విషయ పరిచయం

వెదురు బొంగును నిలువునా చీల్చడానికి చిన్న కత్తి చాలు. అదే బొంగును అడ్డంగా తెంచాలంటే రంపం కావాలి. వెదురులోని నారలన్నీ పొడవునా సాగి ఉండటమే దీనికి కారణం. నారల దిశలో అది బలంగా ఉంటుంది. నారకు నారకు మధ్య బంధం మాత్రం బలహీనం. ఇటువంటి పదార్థాన్ని గురించి "దీని బలం ఎంత?" అని అడిగితే ప్రశ్న పూర్తి కాదు. "ఏ దిశలో?" అని కూడా అడగాలి.

మనిషి తయారుచేసిన కాంపోజిట్ పదార్థాలూ ఇటువంటివే. గాజు తంతువులను గాని, కార్బన్ తంతువులను గాని రెజిన్‌తో కలిపి గట్టిపరిస్తే కాంపోజిట్ తయారవుతుంది. తంతువు బలాన్ని ఇస్తుంది. రెజిన్ తంతువులను పట్టి ఉంచుతుంది. 2023 జనవరి 15న సికింద్రాబాద్–విశాఖపట్నం మధ్య ప్రారంభమైన వందే భారత్ రైలు ముందుభాగంలో కనిపించే కోసుగా ఉన్న ముక్కు ఇటువంటి తంతు బలవర్ధిత ప్లాస్టిక్‌తో చేసినదే.

జంటనగరాలకు ఈ పదార్థాలతో దీర్ఘకాల సంబంధం ఉంది. హైదరాబాద్ కంచన్‌బాగ్ ప్రాంతంలోని రక్షణ పరిశోధన ప్రయోగశాలలు క్షిపణుల కోసం కాంపోజిట్ భాగాలను అభివృద్ధి చేశాయి. 1989 మే 22న తొలిసారి ప్రయోగించిన అగ్ని క్షిపణిలో, వాతావరణంలోకి తిరిగి ప్రవేశించే భాగాన్ని తీవ్రమైన వేడి నుంచి కాపాడటానికి కార్బన్–కార్బన్ కాంపోజిట్‌ను ఉపయోగించారు. 2011 నవంబరు 15న పరీక్షించిన అగ్ని–4లో కాంపోజిట్ రాకెట్ మోటారును వాడారు.

ఈ పరిజ్ఞానం క్షిపణుల దగ్గరే ఆగలేదు. పోలియో సోకిన పిల్లలు కాళ్లకు ధరించే లోహపు కాలిపర్లు ఒక్కొక్కటి మూడు కిలోలకు పైగా బరువుండేవి. నిజాం వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన ఎముకల వైద్యుని సూచనపై డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలాం బృందం తేలికైన కాంపోజిట్‌తో సుమారు 300 గ్రాముల కాలిపర్లను తయారుచేసింది. దీనిని ఫ్లోర్ రియాక్షన్ ఆర్థోసిస్ అంటారు. నేల నుంచి పాదానికి వచ్చే ప్రతిచర్యా బలాన్ని ఉపయోగించుకొని మోకాలు వంగిపోకుండా చూడటం దీని పని. కలాం తన ప్రసంగాలలో ఈ ఉదంతాన్ని పలుమార్లు చెప్పారు.

రాకెట్ మోటారు కవచానికీ, పసివాడి కాలిపరుకూ ఒకే షరతు వర్తిస్తుంది. బరువు తగ్గాలి, కాని విరగకూడదు. బరువు తగ్గించాలంటే తంతువులను భారం పడే దిశలో మాత్రమే పెట్టాలి. అలా పెట్టినప్పుడు మిగిలిన దిశలు బలహీనంగా మిగిలిపోతాయి. ఆ బలహీనతను ముందుగానే లెక్కించి చూపడం ఫైనైట్ ఎలిమెంట్ విశ్లేషణ పని. అయితే కంప్యూటర్‌కు తంతువు కనిపించదు. దిశను మనమే చెప్పాలి. ఈ యూనిట్ మొత్తానికి కేంద్రమైన విషయం ఇదే.

9.2 తొమ్మిది స్థిరాంకాలు

ఉక్కు వంటి సమదైశిక పదార్థానికి యంగ్ గుణకం, పాయిజాన్ నిష్పత్తి అనే రెండు స్థిరాంకాలు చాలు. షియర్ గుణకం ఆ రెండింటి నుంచే వస్తుంది. ఏ దిశలోనూ ఏ సౌష్ఠవమూ లేని పదార్థానికి 21 స్వతంత్ర స్థిరాంకాలు కావాలి. ఈ రెండింటికీ మధ్య ఉన్నది ఆర్థోట్రోపిక్ పదార్థం. దీనికి పరస్పరం లంబంగా ఉండే మూడు సౌష్ఠవ తలాలు ఉంటాయి. అందువల్ల 9 స్వతంత్ర స్థిరాంకాలు సరిపోతాయి.

పదార్థపు మూడు అక్షాలను ఇలా గుర్తిస్తాం:

1వ అక్షం – తంతువు సాగిన దిశ.
2వ అక్షం – పొర తలంలోనే తంతువుకు లంబదిశ.
3వ అక్షం – పొర మందం దిశ.

తొమ్మిది స్థిరాంకాలు: మూడు యంగ్ గుణకాలు (ఇ1, ఇ2, ఇ3), మూడు షియర్ గుణకాలు (జి12, జి13, జి23), మూడు పాయిజాన్ నిష్పత్తులు (న్యూ12, న్యూ13, న్యూ23). ఇక్కడ న్యూ12 అంటే 1వ దిశలో లాగినప్పుడు 2వ దిశలో కలిగే సంకోచానికి, 1వ దిశలో కలిగే సాగుదలకు గల నిష్పత్తి.

పాఠ్యగ్రంథాలలో తరచుగా ఉదాహరణగా తీసుకొనే టి–300 కార్బన్ తంతువు, 5208 ఎపాక్సీ కలిసిన ఏకదిశ పొర విలువలు ఇవి:

ఇ1 = 181 గిగాపాస్కల్‌లు
ఇ2 = 10.3 గిగాపాస్కల్‌లు
జి12 = 7.17 గిగాపాస్కల్‌లు
న్యూ12 = 0.28

ఇ1, ఇ2ల నిష్పత్తిని గమనించండి. అది 17.6. అంటే ఒకే పదార్థం ఒక దిశలో ఉక్కుకు దగ్గరగానూ, మరొక దిశలో దానిలో పదిహేడో వంతుకు మించకుండానూ ప్రవర్తిస్తుంది.

ఏకదిశ పొరలో 2, 3 దిశలు దాదాపు ఒకే విధంగా ఉంటాయి. కాబట్టి ఇ3 = ఇ2, జి13 = జి12, న్యూ13 = న్యూ12 అని తీసుకోవచ్చు. ఇక జి23 కూడా స్వతంత్రం కాదు. జి23 = ఇ2 / 2(1 + న్యూ23). అభ్యాసం కోసం న్యూ23 విలువను 0.40 అనుకొంటే జి23 = 10.3/2.8 = 3.68 గిగాపాస్కల్‌లు అవుతుంది. ఇటువంటి పదార్థాన్ని అడ్డుతల సమదైశిక పదార్థం అంటారు. దీనికి 5 స్థిరాంకాలు చాలు. అయినా సాఫ్ట్‌వేర్ తొమ్మిది గళ్లు చూపితే తొమ్మిదీ నింపాలి. గడిని ఖాళీగా వదిలితే కొన్ని ప్రోగ్రాములు సున్నా తీసుకొంటాయి, కొన్ని తామే ఒక విలువను ఊహించుకొంటాయి.

9.2.1 పాయిజాన్ నిష్పత్తి దగ్గర జాగ్రత్త

న్యూ12, న్యూ21 ఒకటి కావు. వాటి మధ్య ఈ సంబంధం ఉంటుంది:

న్యూ12 / ఇ1 = న్యూ21 / ఇ2

మన ఉదాహరణలో న్యూ21 = 0.28 × 10.3 / 181 = 0.016. పెద్దదైన న్యూ12ను ప్రధాన పాయిజాన్ నిష్పత్తి అనీ, చిన్నదైన న్యూ21ను గౌణ పాయిజాన్ నిష్పత్తి అనీ అంటారు. కొన్ని సాఫ్ట్‌వేర్లు ప్రధాన నిష్పత్తిని అడుగుతాయి, కొన్ని గౌణ నిష్పత్తిని అడుగుతాయి. కొన్ని రెండింటిలో ఏదైనా ఇవ్వవచ్చునంటాయి. అందువల్ల ముందుగా సాఫ్ట్‌వేర్ సూచిక చదవాలి.

పొరపాటున 0.28ని న్యూ21 గడిలో వేస్తే ఏమవుతుంది? అప్పుడు న్యూ12 = 0.28 × 181 / 10.3 = 4.92 అని సాఫ్ట్‌వేర్ అనుకొంటుంది. అయితే భౌతికంగా సాధ్యమైన పదార్థానికి న్యూ12 విలువ ఇ1/ఇ2 వర్గమూలం కంటె తక్కువ ఉండాలి. 17.57 వర్గమూలం 4.19. మనకు వచ్చిన 4.92 దానిని మించింది. అంటే ఆ పదార్థాన్ని ఒక విధంగా వికృతి చెందిస్తే అది శక్తిని నిల్వ చేసుకోవడానికి బదులు శక్తిని తానే ఇస్తుంది. అటువంటి పదార్థం ప్రకృతిలో ఉండదు. మంచి సాఫ్ట్‌వేర్ అక్కడే లెక్క ఆపి, దృఢత్వ మాత్రిక ధన నిశ్చితం కాదని హెచ్చరిస్తుంది.

ఈ పొరపాటును యంత్రం పట్టుకొంటుంది. తరువాతి భాగంలో చూసే పొరపాటును మాత్రం యంత్రం పట్టుకోలేదు.

మీ ప్రగతిని తెలుసుకోండి – 1
1. ఆర్థోట్రోపిక్ పదార్థానికి ఎన్ని స్వతంత్ర స్థిరాంకాలు కావాలి?
2. ఇ1 = 40, ఇ2 = 8 గిగాపాస్కల్‌లు, న్యూ12 = 0.25 అయితే న్యూ21 ఎంత?

9.3 దిశ మారితే ఏమవుతుంది?

తంతువుకు కొంత కోణంలో బలాన్ని ప్రయోగిస్తే ఆ దిశలో యంగ్ గుణకం ఎంత ఉంటుందో కింది సూత్రం చెబుతుంది. కోణపు కొసైన్ విలువను క అనీ, సైన్ విలువను స అనీ అనుకొందాం.

1/ఇ(కోణం) = క⁴/ఇ1 + (1/జి12 − 2 న్యూ12/ఇ1) స²క² + స⁴/ఇ2

కోణం 10 డిగ్రీలు అయినప్పుడు మూడు పదాలు వరుసగా 0.00520, 0.00399, 0.00009. మొత్తం 0.00927. కాబట్టి ఇ = 107.8 గిగాపాస్కల్‌లు. ఇదే విధంగా మిగిలిన కోణాలకు లెక్కిస్తే వచ్చే విలువలు:

0 డిగ్రీలు – 181 గిగాపాస్కల్‌లు
10 డిగ్రీలు – 107.8 గిగాపాస్కల్‌లు
30 డిగ్రీలు – 28.8 గిగాపాస్కల్‌లు
45 డిగ్రీలు – 16.7 గిగాపాస్కల్‌లు
90 డిగ్రీలు – 10.3 గిగాపాస్కల్‌లు

కేవలం 10 డిగ్రీల తేడాతో 40 శాతం దృఢత్వం పోయింది. ఆ 10 డిగ్రీల దగ్గర రెండవ పదం మొదటి పదంతో పోల్చదగినంత పెద్దదిగా ఉందని గమనించండి. అంటే ఈ నష్టానికి ముఖ్య కారణం షియర్ గుణకం తక్కువగా ఉండటమే. రెజిన్ ఒక తంతువును పక్క తంతువు మీదుగా జారనిస్తోందన్నమాట.

దిశను తప్పుగా ఇచ్చినప్పుడు సాఫ్ట్‌వేర్ ఏ హెచ్చరికా ఇవ్వదు. 10 డిగ్రీల కోణంలో తంతువులున్న భాగం కూడా సాధ్యమైన భాగమే కదా. లెక్క సాఫీగా పూర్తవుతుంది, రంగుల పటమూ అందంగా వస్తుంది. కాని అది మనం తయారుచేయబోయే భాగపు పటం కాదు.

9.3.1 మూడు నిరూపక వ్యవస్థలు

ఘన మూలకాలతో పని చేసేటప్పుడు మూడు నిరూపక వ్యవస్థలను విడివిడిగా గుర్తుంచుకోవాలి.

మొదటిది సార్వత్రిక వ్యవస్థ. మొత్తం నమూనాకు ఒకే ఎక్స్, వై, జడ్ అక్షాలు.

రెండవది మూలకపు వ్యవస్థ. ఒక్కొక్క మూలకానికి దాని నోడ్‌ల వరుస క్రమాన్ని బట్టి ఏర్పడే అక్షాలు. మెష్‌ను తయారుచేసే ప్రోగ్రాము నోడ్‌లకు ఏ క్రమంలో సంఖ్యలు వేస్తే ఈ అక్షాలు ఆ విధంగా తిరుగుతాయి. పక్కపక్కన ఉన్న రెండు మూలకాలకు ఇవి వేర్వేరుగా ఉండవచ్చు.

మూడవది పదార్థపు వ్యవస్థ. ఇది 9.2లో చెప్పిన 1, 2, 3 అక్షాలు. మనం ఇచ్చిన తొమ్మిది స్థిరాంకాలు ఈ అక్షాలకు మాత్రమే వర్తిస్తాయి.

ప్రోగ్రాము పదార్థపు దృఢత్వ మాత్రికను 1, 2, 3 అక్షాల నుంచి సార్వత్రిక అక్షాలకు తిప్పి, ఆ తరువాతనే మూలకపు దృఢత్వాన్ని లెక్కిస్తుంది. మనం దిశను చెప్పకపోతే అది సార్వత్రిక అక్షాలనో, మూలకపు అక్షాలనో పదార్థపు అక్షాలుగా తీసుకొంటుంది.

దీని ఫలితం ఒక గొట్టంలో స్పష్టంగా తెలుస్తుంది. గొట్టపు అక్షం జడ్ దిశలో ఉందనుకోండి. గొట్టం చుట్టూ తంతువు చుట్టాం. విద్యార్థి 1వ అక్షాన్ని సార్వత్రిక వై దిశగా ఇచ్చాడు. ఎక్స్ అక్షం మీద ఉన్న బిందువు దగ్గర చుట్టుకొలత దిశ వై దిశే. కాబట్టి అక్కడ అంతా సరిగానే ఉంది. అక్కడి నుంచి పావు చుట్టు తిరిగి వై అక్షం మీద ఉన్న బిందువుకు వెళ్తే, వై దిశ అంటే గొట్టపు మందం దిశ. అంటే అక్కడ తంతువులు గోడలో మేకుల్లా గొట్టపు మందంలోకి దిగి ఉన్నట్లు కంప్యూటర్ లెక్కిస్తుంది.

పరిష్కారం సులభం. స్తూపాకార నిరూపక వ్యవస్థను నిర్వచించి, 1వ అక్షాన్ని చుట్టుకొలత దిశకు, 3వ అక్షాన్ని వ్యాసార్థ దిశకు కట్టాలి. సరిచూసే మార్గం కూడా సులభమే. లోపల ఏకరీతి పీడనం పెట్టినప్పుడు గొట్టం గుండ్రంగానే ఉబ్బాలి. కోడిగుడ్డు ఆకారంలోకి మారిందంటే దిశ తప్పినట్లే.

9.4 రాకెట్ మోటారు కవచం: ఒక నమూనా లెక్క

ఘన ఇంధన రాకెట్ మోటారు కవచం ప్రధానంగా ఒక పీడన పాత్ర. రెజిన్‌లో తడిసిన తంతువులను తిరిగే అచ్చు మీద చుట్టి, వేడితో గట్టిపరచి దీనిని తయారుచేస్తారు. ఈ పద్ధతిని ఫిలమెంట్ వైండింగ్ అంటారు. కింది కొలతలు అభ్యాసం కోసం తీసుకొన్నవి. ఇవి ఏ క్షిపణి కొలతలూ కావు.

మూసిన స్తూపాకార పాత్రలో పీడనం ప, వ్యాసార్థం వ, మందం మ అయితే,

వలయ ప్రతిబలం = పవ/మ
అక్షీయ ప్రతిబలం = పవ/2మ

అంటే చుట్టుకొలత దిశలో భారం అక్షదిశలో ఉన్నదానికి రెట్టింపు. ఉక్కు కవచంలో మందమంతా పెద్ద భారానికి సరిపోయేలా పెట్టాలి. అక్షదిశలో సగం బలం వృథా అవుతుంది. కాంపోజిట్‌లో ఆ వృథాను తప్పించవచ్చు.

భారమంతా తంతువులే మోస్తాయనీ, రెజిన్ ఏమీ మోయదనీ అనుకొందాం. తంతువు అక్షంతో చేసే కోణపు సైన్ వర్గం వలయ దిశకు, కొసైన్ వర్గం అక్షదిశకు పనికివస్తుంది. రెండింటి నిష్పత్తి 2 కావాలి. కాబట్టి టాంజెంట్ వర్గం = 2, కోణం = 54.7 డిగ్రీలు. ఒకే కోణంలో చుట్టిన పీడన గొట్టాలకు ఈ కోణం ప్రసిద్ధం.

కవచానికి రెండు చివరలా గుమ్మటాలు, వాటి నడుమ రంధ్రాలు ఉంటాయి. తంతువు జారకుండా గుమ్మటం మీదుగా పోవాలంటే అతి తక్కువ దూరపు మార్గంలో పోవాలి. ఆ మార్గం మీద వ్యాసార్థం × సైన్ కోణం ఎప్పుడూ స్థిరం. ఆ స్థిరరాశి విలువ రంధ్రపు వ్యాసార్థానికి సమానం.

స్తూపం వ్యాసార్థం 500 మిల్లీమీటర్లు, రంధ్రం వ్యాసార్థం 150 మిల్లీమీటర్లు అనుకొందాం. అప్పుడు,

వ్యాసార్థం 500 దగ్గర: సైన్ = 0.30, కోణం 17.5 డిగ్రీలు
వ్యాసార్థం 300 దగ్గర: సైన్ = 0.50, కోణం 30 డిగ్రీలు
వ్యాసార్థం 200 దగ్గర: సైన్ = 0.75, కోణం 48.6 డిగ్రీలు
వ్యాసార్థం 150 దగ్గర: సైన్ = 1, కోణం 90 డిగ్రీలు

స్తూపం మీద 17.5 డిగ్రీల కోణంలో ఉన్న తంతువు ప్రధానంగా అక్షదిశ భారాన్నే మోస్తుంది. అందుచేత దానిపై 90 డిగ్రీల వలయ పొరలను అదనంగా చుట్టాలి. పై సూత్రాల ప్రకారం 1 మిల్లీమీటరు సర్పిల పొరకు సుమారు 1.73 మిల్లీమీటర్ల వలయ పొర కావాలి.

గుమ్మటం మీద ఇంకొక మార్పు జరుగుతుంది. అన్నే తంతువులు చిన్నదవుతున్న వలయంలో ఇరుక్కొని పోవాలి. కాబట్టి మందం పెరుగుతుంది. మందం (వ్యాసార్థం × కొసైన్ కోణం)కు విలోమానుపాతంలో ఉంటుంది. లెక్కిస్తే వ్యాసార్థం 300 దగ్గర మందం 1.8 రెట్లు, 200 దగ్గర 3.6 రెట్లు అవుతుంది. రంధ్రపు అంచు దగ్గర ఈ సూత్రం అనంతాన్ని ఇస్తుంది. అక్కడ తంతు పట్టీ వెడల్పును లెక్కలోకి తీసుకొని విలువను సరిచేయాలి.

దీని నుంచి నమూనా తయారుచేసే వారు తెలుసుకోవలసినవి రెండు. ఒకటి, గుమ్మటం మీద ప్రతి వలయానికీ తంతువు కోణం వేరు, మందం వేరు. మొత్తం గుమ్మటానికి ఒకే కోణం ఇస్తే 9.3లోని పట్టిక చెప్పినంత తేడా వస్తుంది. రెండు, రంధ్రం దగ్గర కవచం పలుచని పెంకు కాదు. మందమైన, వంకర తిరిగిన దిమ్మె. దానికి లోహపు వలయం కూడా అతికి ఉంటుంది. అక్కడ పెంకు మూలకం ఊహలు నిలవవు.

మీ ప్రగతిని తెలుసుకోండి – 2
3. స్తూపం వ్యాసార్థం 400, రంధ్రం వ్యాసార్థం 200 మిల్లీమీటర్లు అయితే స్తూపం మీద తంతువు కోణం ఎంత?
4. ఏకరీతి పీడనంలో గొట్టం అండాకారంగా మారినట్లు ఫలితం వస్తే దేనిని అనుమానించాలి?

9.5 ఘన మూలకాలు ఎందుకు?

పెంకు మూలకం మందం దిశలోని ప్రతిబలాన్ని సున్నాగా తీసుకొంటుంది. పలుచని రేకుకు ఇది సరైన ఊహే. కాని కాంపోజిట్‌లో అతి బలహీనమైన దిశ అదే. 3వ దిశలో తంతువు ఉండదు. పొరకు పొరకు మధ్య రెజిన్ ఒక్కటే ఉంటుంది. పొరలు విడిపోవడాన్ని డీలామినేషన్ అంటారు. బయటి నుంచి చూస్తే ఇది కనిపించకపోవచ్చు.

ఒక ఆర్థోసిస్‌ను తీసుకొందాం. పాదం కింది నుంచి మడమ వెనుకగా పిక్క వైపు లేచే కాంపోజిట్ పట్టీ ఉందనుకోండి. మడమ దగ్గర అది వంగి ఉంటుంది. నడకలో మడమ నేలను తాకినప్పుడు ఆ వంపు తెరుచుకోవడానికి ప్రయత్నిస్తుంది. పుస్తకాన్ని వంచి పట్టుకొని తెరవబోతే పుటలు ఒకదాని నుంచి ఒకటి ఎడం కావడానికి చూసినట్లే, పొరల మధ్య వ్యాసార్థ దిశలో తన్యత ఏర్పడుతుంది.

అభ్యాసం కోసం పట్టీ వెడల్పు 50, మందం 4, వంపు లోపలి వ్యాసార్థం 8, వెలుపలి వ్యాసార్థం 12 మిల్లీమీటర్లు అనుకొందాం. వంచే భ్రామకం 20 న్యూటన్–మీటర్లు, అంటే 20,000 న్యూటన్–మిల్లీమీటర్లు.

తంతువు దిశలో వంపు ప్రతిబలం, సరళమైన దూలం సూత్రం ప్రకారం = 6 × 20,000 / (50 × 4²) = 150 మెగాపాస్కల్‌లు.

పొరల మధ్య తన్యత = 3 × భ్రామకం / (2 × మందం × వెడల్పు × లోపలి, వెలుపలి వ్యాసార్థాల లబ్ధపు వర్గమూలం) = 60,000 / (2 × 4 × 50 × 9.8) = 15.3 మెగాపాస్కల్‌లు.

150 పెద్ద సంఖ్య, 15.3 చిన్న సంఖ్య. కాని మన ఉదాహరణ పదార్థానికి తంతువు దిశలో తన్యతా బలం సుమారు 1,500 మెగాపాస్కల్‌లు, తంతువుకు లంబంగా సుమారు 40 మెగాపాస్కల్‌లు. మొదటిది తన సామర్థ్యంలో 10 శాతం మాత్రమే వాడుకొంది. రెండవది 38 శాతం వాడుకొంది. భారం పెరిగితే ముందు విడిపోయేది పొరల మధ్యనే. పెంకు మూలకంతో చేసిన సాధారణ విశ్లేషణ 150ని చూపుతుంది, 15.3ను చూపదు. పిల్లవాడు రోజంతా వేసే ప్రతి అడుగులోనూ ఈ భారం మళ్లీమళ్లీ పడుతుంది కనుక దీనిని వదిలివేయడానికి వీలులేదు.

9.5.1 ఏ ఘన మూలకం?

ఘన మూలకంలో ప్రతి నోడ్‌కు మూడు స్థానభ్రంశాలు ఉంటాయి. సాధారణంగా వాడేవి 8 నోడ్‌ల ఇటుక మూలకం, 20 నోడ్‌ల ఇటుక మూలకం. నాలుగు ముఖాల మూలకాలతో సంక్లిష్టమైన ఆకారాలను సులభంగా నింపవచ్చు. అయితే పొరల వరుసకు అవి అనువు కావు. ఏ ముఖం పొరకు సమాంతరమో వాటిలో చెప్పడం కష్టం.

8 నోడ్‌ల మూలకాన్ని పూర్తి సమాకలనంతో వాడితే, వంగే భాగంలో అది అసలు కంటె ఎక్కువ దృఢంగా ప్రవర్తిస్తుంది. దీనిని షియర్ లాకింగ్ అంటారు. సమాకలన బిందువులను తగ్గిస్తే ఈ దోషం పోతుంది గాని, మూలకం ఏ శక్తీ ఖర్చు కాకుండా గడియారపు ఇసుక డబ్బీ ఆకారంలోకి మెలితిరిగే మరో దోషం వస్తుంది. అదనపు వంపు రూపాలను కలిపిన 8 నోడ్‌ల మూలకం గాని, 20 నోడ్‌ల మూలకం గాని వాడటం మేలు.

9.5.2 పొరకొక మూలకమా, పొరల మూలకమా?

100 × 100 మిల్లీమీటర్ల పలకను తీసుకొందాం. పొర మందం 0.125 మిల్లీమీటర్లు, పొరలు 24, మొత్తం మందం 3 మిల్లీమీటర్లు.

పొరకొక మూలకం చొప్పున పెడదాం. మూలకపు పొడవు మందానికి పది రెట్లు మించకూడదనుకొంటే పొడవు 1.25 మిల్లీమీటర్లు. మూలకాలు 80 × 80 × 24 = 1,53,600. నోడ్‌లు 81 × 81 × 25 = 1,64,025. తెలియని రాశులు 4,92,075.

ఇందుకు బదులు ఒక్కొక్క మూలకంలో ఆరు పొరలను పేర్చి, మందంలో నాలుగు మూలకాలు, పొడవు 2.5 మిల్లీమీటర్లు తీసుకొంటే మూలకాలు 6,400, తెలియని రాశులు 25,215 మాత్రమే. లెక్క దాదాపు ఇరవయ్యో వంతుకు తగ్గింది.

పొరల మూలకం మొత్తం దృఢత్వాన్ని, తంతువు దిశ ప్రతిబలాన్ని బాగా ఇస్తుంది. పొరల సరిహద్దు దగ్గర ఉండే 3వ దిశ ప్రతిబలాలను అంత కచ్చితంగా ఇవ్వదు. అందువల్ల భాగమంతటా పొరల మూలకాలను వాడి, వంపులు, రంధ్రాలు, తెగిన అంచుల దగ్గర మాత్రం పొరకొక మూలకాన్ని పెట్టడం ఆచరణలో మంచి పద్ధతి.

పొరల మూలకంలో మరొక ముఖ్య విషయం పేర్పు దిశ. పొరలు ఏ ముఖం నుంచి ఏ ముఖానికి పేర్చబడ్డాయో మూలకపు వ్యవస్థను బట్టి నిర్ణయమవుతుంది. నోడ్‌ల క్రమం మారితే పొరలు పడుకొని ఉండటానికి బదులు, అలమారాలో నిలబెట్టిన పుస్తకాల్లా నిలువుగా నిలబడతాయి. మెష్‌ను చూస్తే ఈ తేడా తెలియదు. దిశలను బాణాలుగా గీయించి చూస్తేనే తెలుస్తుంది.

9.6 ఫలితాన్ని నమ్మే ముందు

కింది పరీక్షలను ఈ వరుసలోనే చేయాలి. మొదటి మూడింటికి కొద్ది నిమిషాలకు మించి పట్టదు.

1. ఏక మూలక పరీక్ష: ఒకే ఒక ఘన మూలకాన్ని 1, 2, 3 దిశలలో విడివిడిగా లాగండి. ప్రతిబలాన్ని వికృతితో భాగిస్తే మీరు ఇచ్చిన ఇ1, ఇ2, ఇ3 తిరిగి రావాలి. మూడు షియర్ గుణకాలకూ ఇలాగే చేయండి. కొన్ని ప్రోగ్రాములు 12, 13, 23 క్రమంలోనూ, కొన్ని 12, 23, 13 క్రమంలోనూ అడుగుతాయి. ఆ తారుమారు ఇక్కడ బయటపడుతుంది.

2. కోణ పరీక్ష: అదే మూలకంలో పదార్థాన్ని 10 డిగ్రీలు తిప్పి, పక్కలు స్వేచ్ఛగా కదిలేలా వదిలి లాగండి. మన ఉదాహరణ పదార్థానికి 107.8 గిగాపాస్కల్‌లు రావాలి.

3. దిశల పటం: అసలు నమూనాలో 1వ, 3వ అక్షాలను బాణాలుగా గీయించండి. 3వ అక్షపు బాణాలన్నీ ఉపరితలానికి లంబంగా ఒకే వైపుకు ఉండాలి. ఒక్క బాణం ఎదురు తిరిగినా కారణం వెతకండి.

4. చేతిలెక్కతో పోలిక: గొట్టానికి పవ/మ, పట్టీకి దూలం సూత్రం. ఫలితం ఈ అంచనాలకు చేరువలో ఉండాలి.

5. మెష్ సూక్ష్మీకరణ: మూలకాలను చిన్నవి చేస్తూ పోతే స్థానభ్రంశం స్థిరపడాలి. తెగిన అంచు దగ్గర పొరల మధ్య ప్రతిబలం మాత్రం స్థిరపడకుండా పెరుగుతూ పోవచ్చు. అక్కడ ఒక బిందువు విలువను గాక, కొంత దూరం మేర సగటును పరిశీలించాలి.

ప్రతిబలాలను చదివేటప్పుడు తప్పనిసరిగా పదార్థపు అక్షాలలోనే చదవాలి. లోహాలకు వాడే ఫాన్ మీసెస్ ప్రతిబలం అన్ని దిశలనూ సమానంగా చూస్తుంది. పై ఉదాహరణలో అది 150ని పెద్దదిగా చూపి 15.3ను దాచేస్తుంది. ప్రతి దిశ ప్రతిబలాన్నీ ఆ దిశ బలంతో పోల్చే గరిష్ఠ ప్రతిబల సూత్రాన్ని గాని, దిశల పరస్పర ప్రభావాన్ని కలిపి చూసే సాయ్–వు సూత్రాన్ని గాని వాడాలి.

ఉష్ణోగ్రతను కూడా మరచిపోకూడదు. కాంపోజిట్‌ను వేడి మీద గట్టిపరచి చల్లారుస్తారు. తంతువు దిశలో అది దాదాపు కుంచించుకోదు. అడ్డంగా బాగా కుంచించుకొంటుంది. కాబట్టి వ్యాకోచ గుణకాలను కూడా మూడు దిశలకు విడివిడిగా ఇవ్వాలి. బయటి భారం లేకుండానే లోపల కొంత ప్రతిబలం ఉంటుందని గుర్తించాలి.

9.7 సారాంశం

కాంపోజిట్ భాగపు బరువు తగ్గడానికి కారణం తంతువులను కావలసిన దిశలోనే పెట్టడం. అదే కారణం వల్ల మిగిలిన దిశలు బలహీనంగా ఉంటాయి. ఆర్థోట్రోపిక్ నమూనాకు తొమ్మిది స్థిరాంకాలు కావాలి. అవి పరస్పరం పొసగకపోతే సాఫ్ట్‌వేర్ సాధారణంగా పట్టుకొంటుంది. దిశ తప్పితే మాత్రం పట్టుకోదు. 10 డిగ్రీల తేడా 40 శాతం దృఢత్వాన్ని తగ్గించగలదు. గుమ్మటం వంటి వక్ర ఉపరితలంపై దిశ, మందం చోటుచోటుకూ మారతాయి. మందం దిశ ప్రతిబలాలు ముఖ్యమైన వంపులు, రంధ్రాలు, అంచుల దగ్గర ఘన మూలకాలు వాడాలి. ఏక మూలక పరీక్ష, కోణ పరీక్ష, దిశల పటం చూడకుండా ఫలితాన్ని రూపకల్పనకు ఉపయోగించకూడదు.

9.8 మీ ప్రగతిని తెలుసుకోండి – సమాధానాలు

1. తొమ్మిది.
2. 0.25 × 8 / 40 = 0.05.
3. సైన్ = 200/400 = 0.5, కోణం 30 డిగ్రీలు.
4. పదార్థపు అక్షాలను స్తూపాకార వ్యవస్థలో గాక సార్వత్రిక వ్యవస్థలో ఇచ్చారేమోనని అనుమానించాలి.

9.9 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఆర్థోట్రోపిక్ పదార్థపు స్థిరాంకాలను వివరించి, పాయిజాన్ నిష్పత్తుల మధ్య సంబంధాన్ని ఉదాహరణతో చర్చించండి.
2. ఫిలమెంట్ వైండింగ్‌తో చేసిన పీడన పాత్ర గుమ్మటంపై తంతువు కోణం, మందం ఎలా మారతాయో వివరించండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మూడు నిరూపక వ్యవస్థల మధ్య తేడాలు తెలపండి.
2. పెంకు మూలకం డీలామినేషన్ ప్రమాదాన్ని ఎందుకు చూపలేదు?
3. ఇ1 = 40, ఇ2 = 8, జి12 = 4 గిగాపాస్కల్‌లు, న్యూ12 = 0.25 గల పొరకు 45 డిగ్రీల దిశలో యంగ్ గుణకాన్ని లెక్కించండి.